రెండు మీటల మధ్య గొంతు

మేము కోల్‌కతాలో ఉన్నప్పుడు, చర్చీల్లో పియానోలు శ్రుతి చేసే ఒక పెద్దాయన మా ఇంటికీ వచ్చేవాడు. అక్కడి షాలిమార్ స్టేషన్ దగ్గర పుట్టి పెరిగినా శ్రీకాకుళం మాట పోని మనిషి. మీట నొక్కి, చెక్కకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని “ఉండండి, ఇంకా కొట్టుకుంటంది” అనేవాడు. రెండు స్వరాలు కలవక కంపిస్తే, ఆయన మాటలో అది కొట్టుకోవడం.

పాత పియానోకు చెద పట్టడంతో మా అమ్మాయికి డిజిటల్ పియానో కొన్నాం. ఆ సంగతి ఆయనకు చెప్పడానికి నాకు మొహమాటం. ఎప్పటిలాగే సంచీతో వచ్చాడు.

“దీనికి శ్రుతి చెయ్యక్కర్లేదండీ,” అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. “అమ్మగారు పాడతన్నారా?” అని అడిగాడు.

గొంతు ఆపరేషన్ అయ్యాక మా ఆవిడ పాడటం మానేసింది. “నా షడ్జం, అదే నా ‘స’, రెండు మీటల మధ్య ఎక్కడో పడిపోయింది బాబాయ్. పియానోతో కలవదు,” అంది.

“ఏటమ్మా ఆ మాట? గొంతు మీట కాడికి ఎల్లదు. మీటే గొంతు కాడికి రావాల.”

మా అమ్మాయి చేత సెట్టింగులు తెరిపించాడు. మా ఆవిడ కూనిరాగం తీస్తుంటే, అమ్మాయి పియానో శ్రుతిని కొద్దికొద్దిగా దించింది. తర్వాత ఆ పియానోలోనే ఉన్న పాతకాలపు శ్రుతి పద్ధతులు ఒక్కొక్కటే పెట్టి వాయించమని చెప్పి, ఆ షడ్జానికి గాంధారం కొట్టుకోకుండా నిలిచే పద్ధతిని ఆయన చెవితోనే ఏరాడు.

ఏడాదిగా పాడని మా ఆవిడ ఆ రోజు ఒక కీర్తన పూర్తిగా పాడింది.

అమ్మాయి తన పాఠం కోసం మళ్లీ మామూలు శ్రుతికి మార్చబోయింది.

“రేపు మార్సుకోవే తల్లీ. అమ్మ ఇంకోటి పాడతాదేమో,” అన్నాడాయన.

మా ఆవిడ అప్పటికే గొంతు సవరించుకుంటోంది.