ఒకే ఇంటి అల్లుళ్ళు

సూర్యాపేటలో నేను సోషల్ టీచర్ని. ఊరంతా మేడం అనేది. అక్కా అనో, వదినా అనో పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. మా అమ్మ హాస్టల్లో పెరిగిన అనాథ. నాన్న తనవాళ్ళను వదులుకుని ఆమెను చేసుకున్నాడు. ఇద్దరూ పోయాక నాకంటూ ఒక్క వరుసా మిగల్లేదు. అందుకేనేమో, రెండువేల ఆరు ప్రాంతంలో, ఆదివారం వస్తే బస్సెక్కి చరిత్రలో ఉన్నవాళ్ళకు చుట్టరికాలు వెతికేదాన్ని. పనిలేని పని అని మా హెడ్మాస్టరు నవ్వేవాడు. నవ్వనీ. గదిలో కూచుని గోడలు చూడటం కంటే నయం.

పుస్తకాల్లో మగవాళ్ళ తండ్రుల పేర్లే ఉంటాయి. చుట్టరికాలేమో ఆడవాళ్ళ పుట్టిళ్ళ దగ్గర బయటపడతాయి. అందుకని ఎక్కడికెళ్ళినా ఒకటే అడిగేదాన్ని, ఆయన భార్యది ఏ ఊరు అని. నిజాం కాలంలో తిరుమలగిరి వైపు ఒక దొర ఉండేవాడు. ఆయన మనుషులు పట్టిస్తే పోలీసులు కాల్చి చంపిన రైతు సంఘం నాయకుడికి ఇప్పుడు స్తూపం ఉంది. పిల్లలకు ఇద్దరినీ బద్ధశత్రువులనే చెప్పేదాన్ని. అడగ్గా అడగ్గా తేలిందేమిటంటే, ఇద్దరి భార్యలదీ కోదాడే. ఒకే ఇల్లు.

తల్లి తరఫున వచ్చిన ఆ ఇంట్లో ఇప్పుడు దొర కూతురు ఉంటోంది, పెద్దావిడ. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ దాచకుండా చెప్పింది.

"మా అమ్మా చిన్నమ్మా సొంత అక్కచెల్లెళ్ళు. చిన్నమ్మ మొగుణ్ణే మా నాయన పట్టించాడు. ఆనాటి నుంచి మాటల్లేవు. చిన్నమ్మకో కూతురుండాల, మిర్యాలగూడలో. బతికుందో లేదో."

తోడల్లుళ్ళు! ఒకే మామ చేత కాళ్ళు కడిగించుకున్న మనుషులు! తిరుగు బస్సులో నాకు ఒళ్ళు నిలవలేదు. చెప్పుకుందామంటే ఎవరున్నారు? పక్క సీటావిడ గురక పెడుతోంది.

మరుసటి ఆదివారం మిర్యాలగూడ వెళ్ళాను. నాయకుడి కూతురంటే రైసుమిల్లుల వెనక ఒంటిగది ఇల్లు చూపించారు. భర్త పోయాడు, పిల్లలు లేరు. నేను గొప్పగా నా పరిశోధనంతా విప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"అది నాకు తెల్వదా బిడ్డా? దొరసాని మా పెద్దమ్మ. ఆ గడప తొక్కొద్దని మా అమ్మ ఒట్టేయించుకున్నది."

నా పరిశోధన సంగతి అటుంచి, బిడ్డా అన్న ఆ ఒక్క మాటకే నేను కరిగిపోయాను. ఆమే మళ్ళీ అడిగింది.

"అక్క మంచిగున్నదా? నన్ను అడిగిందా?"

"అడిగింది. బతికుందో లేదో అన్నది."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "ఇగ నాకు మిగిలింది ఆమె ఒక్కతే. అమ్మ ఏమనుకుంటే అనుకోనీ. జర తోలుకపో బిడ్డా."

ఆపై ఆదివారం కోదాడలో తలుపు తీసిన దొర కూతురు చెల్లెలి ముఖం ఒక్క క్షణం చూసి, అచ్చం చిన్నమ్మ పోలికే అంటూ వాటేసుకుంది. దగ్గర దగ్గరగా చూస్తే ఇద్దరి ముక్కులూ ఒకటే. భోజనాలయ్యాక కొత్త చీర తెచ్చి చెల్లెలి భుజాన కప్పింది. తర్వాత నావైపు చూసింది.

"ఈమె మనకేమవుద్ది?"

వరుసను బట్టి బట్టలు పెట్టాలి కదా మరి. నేనూ ఆ చెల్లెలి ముఖంలోకే చూశాను. దారి పొడుగునా బిడ్డా, బిడ్డా అంటూ నా చేయి పట్టుకునే వచ్చింది. కూతురు వరుస అంటుందేమోనని ఆశపడ్డాను. నిజంగానే ఆశపడ్డాను.

"ఏంగాదక్కా. పంతులమ్మ. నాకు తోడొచ్చింది."

దొర కూతురు లోపలికెళ్ళి జాకెట్ గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది. పరాయి ఆడవాళ్ళకు పెట్టేది అదే. మర్యాదలో లోటేమీ లేదు. దాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాను. వాళ్ళప్పటికే తల్లుల కబుర్లలో పడ్డారు. ఇంకా బోలెడంత పొద్దుంది. అయినా బస్సుకు వేళయిందని చెప్పి లేచాను. ఈ పూటకు ఉండిపొమ్మని ఇద్దరిలో ఎవరూ అనలేదు.