మా బావది

నాకు రావలసిన బడి మా బావ వల్ల పోయింది. కత్తి పట్టుకెళ్ళింది తను, ఇంకో పిల్లాడి చెయ్యి కోసింది తను, తలుపు మూసుకున్నది మాత్రం నాకు.

మొన్న మనవరాలిని దింపడానికి వెళ్తే బడి గేటు దగ్గర పిల్లల సంచులు వెతుకుతున్నారు. ఎవడో కత్తి తెచ్చాడట. కాలం చెడిపోయిందని పక్కనున్న తల్లులు వాపోతుంటే నాకు ఒళ్ళు మండింది. కాలం నా చిన్నప్పుడే చెడింది, దానికి నేనే సాక్షిని!

మావాళ్ళు సముద్రం దాటొచ్చి స్థిరపడ్డ తెలుక్ ఇంటాన్ ఊరిని తెల్లదొరలు తెలుక్ ఆన్సన్ అనే రోజులవి. రబ్బరు తోట కూలీ లైనులో మాదీ మేనత్తదీ పక్కపక్క ఇళ్ళు. ఆవిడ కొడుకు నాకు బావ, నేనూ తనకి బావనే. మావయ్య కంగాణీ, కూలీల మీద పెద్ద, కనక బావ పట్నంలో ఇంగ్లీషు బడికి వెళ్ళేవాడు. మా అయ్య కూలీ, కనక నేను పాల కోసం రబ్బరు చెట్లు గీసేవాణ్ణి. బావ తెల్లచొక్కా మీద రబ్బరు పాలు చిలకరించాలని ఎన్నిసార్లు చెయ్యి దురద పెట్టిందో! పాలు ఆరితే ఆ మరక చాకలికి కూడా లొంగదు. సాయంత్రం తను గుమ్మంలో కూర్చుని ఇంగ్లీషు వల్లిస్తుంటే, రేకు గోడకి ఇవతల నేను తనకంటే ముందే అప్పజెప్పేవాణ్ణి, ఒక్క ముక్కకీ అర్థం తెలీకుండా. మావయ్య బతిమాలగా, వచ్చే ఏడు నన్నూ చేర్చుకుంటానని బడి దొర ఒప్పుకున్నాడు. అమ్మ చొక్కాకి తెల్లగుడ్డ కొంది.

అంతలో నా గీత కత్తి కనబడలేదు. దాని పిడికి ఎర్రగుడ్డ చుట్టుకునేవాణ్ణి; తోటలో ఎవరి గుడ్డ వాళ్ళది, ఒకరి కత్తి ఇంకొకరు ముట్టరు. అది బావ పుస్తకాల సంచిలోంచి బయటికొచ్చి పట్నం పిల్లాడి చేతి మీద దిగిందని తరవాత తెలిసింది. కత్తి ఎవరిదని దొర అడిగాడు. ‘మాదే’ అంటే సరిపోను. ఇంట్లో వస్తువు ఎవరిదైనా మనకి మాదేగా! ఆ మహానుభావుడు ‘మా బావది’ అన్నాడు. కత్తులిచ్చి పంపే బావకి తన బళ్ళో చోటు లేదన్నాడు దొర, అంటే నాకు. కత్తి పట్టుకెళ్ళినవాడికి బెత్తం దెబ్బలు పడ్డాయి, చదువు మిగిలింది. బావ చొక్కాకి నెత్తురు మరక పోలేదని మేనత్త వచ్చి అడిగితే, అమ్మ నా చొక్కా గుడ్డ కూడా ఇచ్చేసింది.

తను గుమాస్తా అయ్యాడు. నేను పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నాను. కడుపు మంట మాత్రం ఏ ఏటికా యేడు కొత్తగా రాజుకునేది.

మొన్న ఆ గేటు దగ్గర్నుంచి నేరుగా బావ వాళ్ళింటికే వెళ్ళాను. వరండాలో కోపి, అదే ఇక్కడి కాఫీ, తాగుతున్నాడు. “ఏటి బావా, ఇన్నాళ్ళకి దారి తెలిసినాదా లా?” అని, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ‘లా’ తగిలించి నవ్వాడు.

“నవ్వకు. ఆ రోజు ‘మాదే’ అనొచ్చు గదా! నన్నెందుకు ఇరికించినావు?”

కప్పు కింద పెట్టి, తువ్వాలుతో మూతి తుడుచుకుని మొదలెట్టాడు. ముసలితనంలో జవాబులు కూడా నెమ్మదిగానే నడుస్తాయి.

“పట్నం పిల్లగుంటలు రోజూ కొట్టీవోరు బావా. ‘ఇది మా బావది, ఆడొచ్చినాడంటే మీ పని సరి’ అని కత్తి సూపించి బెదిరించీవోణ్ణి. దొర అడిగితే నోటికదే వచ్చినాది. ఆ బళ్ళో నాకు నువ్వు గాక ఇంకెవులున్నారేటి?”