వీపు వెనక తరగతి

ఆ సర్కారు బడికి ఉన్నది ఒకటే గది, ఒక్కరే పంతులమ్మ. మేస్త్రీల పిల్లలు, ఇస్త్రీవాళ్ళ పిల్లలు, పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళ పిల్లలు, వీళ్ళలో ఇంకా ఇక్కడి భాషకు నోరు తిరగనివాళ్ళు, అందరూ అందులోనే. ఒకటో తరగతి ఈ గోడ బోర్డు వైపు, ఐదో తరగతి ఆ గోడ బోర్డు వైపు తిరిగి, వీపూ వీపూ ఆనించుకుని కూర్చుంటారు. మధ్య తరగతులు ఎక్కడ చోటుంటే అక్కడ సర్దుకుంటాయి. పంతులమ్మ కొంగు బొడ్లో దోపుకుని రెండు బోర్డుల మధ్యా మగ్గం మీది నాడెలా తిరుగుతుంటుంది. ఒక చేతిలో సుద్దముక్క, ఇంకో చేతిలో ఎవరో ఒకరి కారుతున్న ముక్కు.

ఆ రోజు తనిఖీకి అధికారి వచ్చాడు. ఐదో తరగతి తప్పిందంటే బడి మూసేసి, పిల్లల్ని పెద్ద రోడ్డు అవతలి బడిలో కలిపేస్తారు. "ఏడెనిమిదులెంతరా?" అన్నాడాయన. ఐదో తరగతి యావత్తూ పైకప్పుకేసి చూసింది. "యాభయ్యారు!" అంది వెనక నుంచి ఒకటో తరగతి బుడ్డది, తలైనా తిప్పకుండా. ఆయన ఉలిక్కిపడి దాని దగ్గరికెళ్ళి, "ఆవుకి కాళ్ళెన్నమ్మా?" అన్నాడు. అది బలపం నోట్లో పెట్టుకుని దిక్కులు చూసింది. "నాలుగూ!" అని ఐదో తరగతి గది కప్పు లేచిపోయేలా అరిచింది.

పంతులమ్మ నుదురు తుడుచుకుని, "పిల్లలు అటూ ఇటూ అయ్యారు గానీ సార్, చదువు మాత్రం గదిలోనే ఉందండీ" అంది.

అధికారికి నవ్వాగలేదు. "సరేనమ్మా, బడి ఉంటుంది. ఆ పిల్లని మాత్రం రేపే ఐదో తరగతి వైపు తిప్పి కూర్చోబెట్టండి."

"అమ్మో, వద్దండీ!" అని గాభరాపడింది పంతులమ్మ. "అటు తిప్పితే అదీ వినడం మానేస్తుంది!"