డీనక్కకు నేను చెప్పవలసి వచ్చిన అసలు కథ

ముందే ఒట్టు పెడతాను. నా రెండు కళ్ల మీద, నాకు కూడు పెట్టే మగ్గాల మీద, ఇప్పటికీ నన్ను మోస్తున్న ఈ ఎడమ కాలి మీద ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం. రాజపాళయంలో నన్ను ఎరిగినవాళ్లు ఇక్కడికే నవ్వి పుస్తకం మూసేస్తారని తెలుసు. మా వేటకుక్క బస్సును తరుముకుంటూ సేత్తూరు దాకా పోయి, టికెట్టు లేకుండా అదే బస్సులో తిరిగి వచ్చిందని చెప్పింది నేనే. అయ్యనారు జలపాతం దగ్గర ఏనుగు నన్ను బీడీ అడిగిందని చెప్పిందీ నేనే. వాటి సంగతి వేరు. అవి చెప్పినప్పుడు నా ప్రాణం బాగుండింది.

నాకు సత్రపట్టిలో కట్టుగుడ్డ నేసే మగ్గాలు ఉండాయి. ఆస్పత్రుల్లో పుండ్లకు చుట్టే తెల్లటి పలచని గుడ్డ. ఎక్కడెక్కడి పుండ్లకో నేను గుడ్డ పంపుతాను. పోయిన వానాకాలం గోడౌను తలుపు రేకు ఊడి నా ఎడమ పిక్కను గీసింది. మనకు గుడ్డకు కరువా? నేనే నాలుగు చుట్లు చుట్టుకొని, మగ్గాలు చూసుకుంటూ తిరిగినాను. కాలు ఎర్రబడింది, పొంగింది, మోకాలు దాటింది. చలిజ్వరంతో పండ్లు టకటకలాడుతుంటే నా పెండ్లాం ఆటోలో వేసుకొని టౌను ఆస్పత్రికి తీసుకొని పోయింది.

అక్కడి చిన్న డాక్టరు రక్తం పరీక్ష చూసి మెల్లగా చెప్పినాడు. "సార్, పురుగు రక్తంలోకి దిగింది. దీన్ని గట్టిగా చంపేది పెనిసిలిన్ జాతి మందే. మీకు అది పడదంటున్నారు కదా, వేరేది వేస్తున్నాము. అది మీ కిడ్నీలను కొడుతోంది, పురుగును మాత్రం కొట్టడం లేదు."

"పడదు, పడదు!" అనింది నా పెండ్లాం. "చిన్నప్పుడు ఆ ఊసి వేస్తే చచ్చి బతికినారు."

"మీరు చూసినారా అమ్మా?"

"నేనెట్ల చూస్తాను? ఆయనే చెప్పినారు."

సూదిమందును మేము ఊసి అంటాము. మా వంశంలో ఆ మాటకు ముందు ఎవరైనా ఒకసారి గుటక మింగుతారు. దానికి కారణం మా పెదనాయన. నేను చెడ్డీల వయసులో ఉండగా ఆయన వీపు మీద పెద్ద కురుపు లేచింది. మంసాపురం నుంచి వచ్చే కాంపౌండరు పెనిసిలిన్ వేసినాడు. పెదనాయన మడిచిన చొక్కా చేతిని కిందికి దించుకోనైనా లేదు. "గొంతు..." అన్నాడు. అంతే. పక్కన ఆయన కూతురు నిలబడి ఉండింది, బడి గౌనులో. ఇల్లంతా గుండెలు బాదుకుంటుంటే ఆ పిల్ల కాంపౌండరు దగ్గరికి పోయి అడిగింది: "పోయిన నెల నాకూ ఇదే ఊసి వేసినారు గదా. నాకేమీ కాలేదే, ఎందుకు?"

 పావం, కాంపౌండరూ ఏడుస్తుండినాడు. మా అవ్వ మాత్రం "తండ్రి పోతే ఏడవకుండా లెక్క అడుగుతుంది చూడు" అని ఆ పిల్లను ఒక్కటి వేసింది.

ఆ పిల్లే మా డీనక్క. ఆ ఒక్క ప్రశ్న పట్టుకొని మదురైలో డాక్టరు చదివింది, ఢిల్లీ పోయింది, సముద్రాలు దాటింది, తిరిగి వచ్చింది. ఇమ్యునాలజీ అని ఆ చదువుకు పేరు. మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగక ఎలుకల చదువు అన్నారు, లాబులో ఎలుకలను పెంచుతుందని విని. ఒకసారి నేనే అడిగినాను, ఏమి వెదుకుతున్నావక్కా అని. "మిల్లు గేటు దగ్గర కాపలావాణ్ణి పెడతారు గదరా. దొంగ వస్తే కొట్టాల వాడు. ఒక్కో ఒంట్లో వాడు దొంగను వదిలేసి ఓనరును కొడతాడు. ఎందుకు కొడతాడని వెదుకుతుండాను" అనింది. అట్ల వెదికి వెదికి దేశమంతా పిలిచి మాట్లాడించే మనిషి అయింది. ఒక పెద్ద వైద్య కళాశాలకు డీన్ అయింది. ఆ కబురు వచ్చిన రోజు మా మేనమామ అడిగింది ఒక్కటే: "సరి, ఎంతమందికి సీటు ఇప్పిస్తుంది?"

నా సంగతికి వస్తాను. పెదనాయన పోయిన మరుసటి ఏడు నాకూ జ్వరం వచ్చి, నాకూ ఆ ఊసే పడి, నా ఒళ్లూ పొంగిందని ఇంట్లో గోల అయింది. బతికినాను గనక అది నాకు కథ అయింది. పెండ్లిండ్లలో, మగ్గాల దగ్గర, బస్సులో పక్క సీటువాడికి, ఎవరు దొరికితే వాళ్లకు చెప్పినాను. చెప్పినప్పుడల్లా కొంచెం కొంచెం పొంగింది, నా ఒళ్లు మాదిరే.

నా పెండ్లాం ఫోను చేసిన మరునాడు పొద్దున్నే చెన్నై రైలు దిగి, మొగం కూడా కడుక్కోకుండా ఆస్పత్రికి వచ్చింది అక్క. తల బాగా నెరిసింది. నా కాలు చూసింది, చార్టు చూసింది, బయట చిన్న డాక్టరుతో మాట్లాడి వచ్చింది. నా పెండ్లాన్ని వరండాలో కూర్చోమని పంపి, స్టూలు లాక్కొని నా తలదగ్గర కూర్చున్నది.

"ఉన్నదున్నట్టు చెబుతాను, విను. ఈ పురుగు గుండె కవాటం మీద కూర్చుంటే నా చేతిలో కూడా ఏమీ ఉండదు. పెనిసిలిన్ వేయాల. వేయవచ్చునా లేదా అని నేను తేల్చాల. దానికి నా మొదటి పరీక్ష నీ నోరే. చెప్పు, ఆ రోజు ఏమైంది?"

"ఊసి వేసిన నిమిషానికే అక్కా, ఒళ్లంతా బూరె మాదిరి పొంగి, మంచం నవారు పటపటమని తెగి..."

"అది నా పెండ్లిలో చెప్పినావు. అసలుది చెప్పు."

"పెదాలు నల్లబడి, గుండె ఆగి, పీనుగుకు కప్పే కోడి గుడ్డ తెచ్చి కప్పినాక తుమ్మి లేచి..."

"అది మీ మామ షష్టిపూర్తికి. దాని కిందిది చెప్పు."

నేను నోరు తెరిచినాను.  అప్పుడు పట్టుకునింది నన్ను భయం. కాలు పొంగినప్పుడు కాదు, డాక్టరు గొంతు తగ్గించినప్పుడు కాదు, అప్పుడు. కట్టు విప్పుతూ పోతున్నాను, కట్టు కింద కట్టే వస్తోంది, పుండు ఎక్కడా కనబడలేదు. దురద పుట్టిందా? వాంతి అయిందా? ఊపిరి ఆడలేదా? అన్నీ నేను పెట్టినవే. ఏది జరిగింది, ఏది నేను జరిపినాను? జన్మలో మొదటిసారి నా నిజం నాకే కావలసి వచ్చింది, అది నా దగ్గర లేదు.

"నాకు తెలియదక్కా." ఏడుపు వచ్చింది. "ఒట్టు, తెలియదు."

"సరి. తెలియదనడం మంచిదే." ఆమెకు కోపం రాలేదు. "జరిగింది వదిలేయి. నువ్వెక్కడ పడుకున్నావు? మంచమా, నేలా?"

"నేల."

"నవారు తెగిందన్నావు!"

"మంచం లేదక్కా. చాప." కళ్లు మూసుకున్నాను. వీపుకు ఏదో అంటుకుంటుండింది. చేదు వాసన. "వేపాకు. చాప మీద వేపాకు పరిచి ఉండింది. వీపుకు గుచ్చుకునేది. అవ్వ వేపమండతో విసురుతుండింది."

"ఊసికి ముందా, తరువాతా?"

"ముందే. కాంపౌండరు వచ్చి వేపాకు మీదనే మోకాలు వేసి కూర్చున్నాడని అవ్వ తిట్టింది. అమ్మవారు పోసిన ఇంట్లో ఊసి వేయగూడదు, ఆమెకు కోపం వస్తుందని ఒకటే గలాటా."

ఇది నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పని ముక్క. ఇందులో నేను హీరోను కాను గదా, చెప్పి ఏమి లాభం?

అక్క స్టూలు ఇంకా దగ్గరికి జరుపుకునింది. "అమ్మవారు పోసిందని వేపాకు పరిచినారంటే, నీ ఒంటి మీద పొక్కులు అప్పటికే ఉండినాయి. ఊసి తరువాత వచ్చినవి కావు. ఉన్నవే పెరిగినాయి. మా నాయన పోయి ఏడాదే అయింది గనక అందరూ తప్పు ఊసి మీద వేసినారు."

"అయితే నాకు పడుతుందా?"

"పడవచ్చు."

"పడవచ్చు అంటే ఏందక్కా? పెదనాయన రక్తం, నా రక్తం ఒకటే గదా?"

"అట్ల వంశాన పాకేది కాదురా అది. ఎన్ని బ్యాచులకు పాఠం చెప్పినాను." నా ముంజేయి తన వైపు తిప్పుకునింది. "పాఠం చెప్పడం వేరు. వేపాకు సాక్ష్యం మీద నీకు మందు ఎక్కించలేను. నీ చర్మాన్ని అడుగుదాం. దానికి నీ మాదిరి నోరు లేదు."

నా ముంజేతి మీద పెన్నుతో గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు దగ్గర ఒక్కో చుక్క వేసి, సన్నటి ముల్లుతో గీరింది. కాసేపటికి మొదటి చుక్క చీమ కుట్టినట్టు పొంగింది. ఎర్రగా, గుండ్రంగా. దురద!

"అక్కా! పొంగింది! పోయినాను!" అని కేక వేసినాను. నర్సమ్మ ట్రే కింద పెట్టి పరుగెత్తి వచ్చింది, "బయప్పడాదీంగ సార్, ఒన్నుం ఆగాదు" అని అరవంలో ధైర్యం చెబుతూ.

"నోరు ముయ్యి. అది పొంగాలని పెట్టిందే. అది పొంగకపోతే నీ చర్మం కూడా అబద్ధాలకోరని అర్థం. మందు చుక్క ఆ చివరిది. దాన్ని చూడు."

చివరిది చూసినాను. ఏమీ లేదు. రెప్ప వేయకుండా చూసినాను. చూస్తే పొంగినట్టే ఉంటుంది, వేలు పెడితే ఉండదు. ఆ తరువాత చర్మం లోపలికి ఒక బొట్టు ఎక్కించింది. దానికీ ఏమీ కాలేదు.

"ఇప్పుడు నరంలోకి. మొదట కొంచెం, ఆగి, తరువాత నిండుగా."

పక్క బల్ల మీద ఇంకో ఊసి నింపి పెట్టి ఉండింది. పెదనాయనకు అయినట్టు నాకూ అయితే వెంటనే తొడలో పొడిచే మందు అది. నర్సమ్మ దాన్ని తీసుకోబోతే అక్క చేయి చాపి తనే తీసుకునింది. తను డాక్టరైన కొత్తలో ఒక పేషెంటు ఇట్లనే పరీక్షలో నల్లబడి, ఆ మందు ఎక్కడ పెట్టినారో అందరూ వెదికినారంట. ఆ మనిషి బతికినాడు. ఆ రోజు నుంచి అది తన చేతిలో లేకుండా ఎవరికీ పరీక్ష చేయదు. "డీన్ అయినాక ఊసి పట్టడమే మరచినాను," అనింది. "ఫైళ్లు, తనిఖీలు. ఈ మధ్య నేను చేసిన పెద్ద పరిశోధన హాస్టలు సాంబారు మీద." నేను నవ్వబోయినాను, రాలేదు. అప్పుడు నా చేయి పట్టుకొని అనింది: "భయపడకురా. నేనుండాను గదా." ఊసి పట్టిన చేయి రాయి మాదిరి కదలకుండా ఉండింది.

మందు దిగడం మొదలైంది. చుక్క, చుక్క. నేను నా ఒంట్లోని ప్రతి మూలకూ పోయి తట్టి చూసుకుంటున్నాను. అరికాలు దురదా? చెవి వేడా? గుండె ఎందుకు అట్ల కొట్టుకుంటోంది? ఉన్నట్టుండి మెడ దగ్గర ఎవరో బొటనవేలు పెట్టి నొక్కినట్టు అయింది.

"అక్కా, గొంతు..."

ఆ మాట నోట్లోంచి పడినాక తెలిసింది నేనేమన్నానో. అక్క మొగంలో రక్తం లేదు. స్టూలు వెనక్కి పడింది. ఊసి మూత తీసేసింది, మందు గొట్టం మూసేసింది.

"నాలుక చాపు." చాపినాను. "ఊపిరి పీల్చు." గుండె మీద గొట్టం పెట్టి విన్నది. "మింగు. ఇంకోసారి మింగు." నర్సమ్మ బీపీ చెప్పింది. అక్క నా కళ్లలోకి చూసింది.

"ఒరేయ్. ఇది కథా, నిజమా?"

నా చిన్నప్పటి నుంచి ఎంతమందో అడిగిన మాటే అది. ఎప్పుడూ నవ్వుతూ జవాబు చెప్పినాను. ఇప్పుడు ఆ చేతిలో ఊసి ఉండింది, నా జవాబు మీద నా కాలు, నా ప్రాణం ఉండినాయి. నిజమంటే మందు ఆపేస్తుంది, పురుగు మిగులుతుంది. కథ అంటే మందు ఎక్కిస్తుంది, అది నిజమై ఉంటే పెదనాయన దారి.

"తెలియదక్కా. భయంగా ఉండాది. అంతే తెలుసు."

నా మణికట్టు పట్టుకొని నిలబడింది. కిటికీ అవతల ఏదో మిల్లు సైరను మోగి ఆగింది. నా మెడ మీది బొటనవేలు మెల్లగా, మెల్లగా సడలింది. అక్క ఊసికి మూత పెట్టింది.

"భయమే," అని మందు గొట్టం తెరిచింది.

నిండు మందు సాయంకాలానికి దిగింది. ఏమీ కాలేదు. జ్వరం నాలుగో పూటకు దిగింది, కాలు వారాల మీద దిగింది. అక్క మరుసటి రైలుకే పోయింది, కాలేజీలో తనిఖీ అంట. పోతూ మా ఇంటి పిల్లలందరికీ ఫోనులో చెప్పింది, పెనిసిలిన్ మనకు పడదని ఇక ఏ డాక్టరు దగ్గరా అనవద్దని, అనుమానం ఉంటే వచ్చి చర్మాన్ని అడగమని.

ఇప్పుడు ఒప్పుకోలు. ఇందులో ఒక్కచోట కల్పించినాను, మీరు అనుమానించే చోట మాత్రం కాదు. వేపాకు నిజం, పొంగిన చుక్క నిజం, గొంతు నిజం. "భయపడకురా, నేనుండాను గదా" అనే మాట అక్క అనలేదు. ఆమె ఏమీ అనలేదు. ఊసి పట్టిన చేయి రాయి మాదిరీ లేదు. వణికింది. ఇంకో చేత్తో దాన్ని పట్టి ఆపుకునింది. నేను చూసినాను, నేను చూసినానని ఆమె కూడా చూసింది.

మందు దిగినాక నా పెండ్లాన్ని లోపలికి రానిచ్చినారు. పొద్దుటి నుంచి వరండాలో కూర్చోకుండా నిలబడే ఉండింది. వచ్చీ రాగానే అడిగింది, "మందు ఎక్కించేటప్పుడు అక్క ఏమన్నారు?" అని.

ఏదో ఒకటి చెప్పాల గదా. భయపడకురా, నేనుండాను గదా అనిందని చెప్పినాను. అప్పుడు నా పెండ్లాం మంచం అంచున కూర్చునింది.