సామేలు మీద పుట్టిన మాట

జాలరిపేట ఫుట్‌బాల్ జట్టు మళ్ళీ ఫైనల్‌కి వచ్చిందని ఫోనులో విన్న సాయంత్రమే మా బావమరిది అప్పలరాజు ప్రయాణం కట్టాడు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లోని ఐసు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు దిమ్మలు దొర్లించి, మోకాళ్ళు మొరాయించాక ఎలమంచిలిలో మా పక్కవాటాలో చేరాడు. మనిషి ఇక్కడ ఉంటాడు గానీ ప్రాణం పేట జట్టు దగ్గర ఉంటుంది. నేను రిటైరైన బస్సు కండక్టర్ని. ఫుట్‌బాల్‌లో నాకు తెలియని సంగతి లేదు కాబట్టి తోడు బయలుదేరాను.

పై వాక్యం కొట్టేయండి. బంతిని చేత్తో పట్టుకునే హక్కు ఒక్క గోల్‌కీపరుకే ఉంటుందని తెలుసు. అంతకుమించి తెలియదు. ఇంట్లో ఆదివారం పూట ఫ్యాన్లు తుడవమన్నారు, అందుకని వెళ్ళాను.

ఎలమంచిలి నుంచి విశాఖకి పొద్దున్న ప్యాసింజరు బండి హాయి. బస్సులో అయితే అనకాపల్లి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. టిఫిన్ స్టేషన్ బయటే చేసెయ్యండి, బండిలో దొరికే ఇడ్లీ నిన్నటిది. మా పెట్టెలో కాలు పెట్టడానికి చోటు లేదు, మూడొందల మంది ఫుట్‌బాల్ అభిమానులు జెండాలతో కిక్కిరిసి ఉన్నారు. నిజానికి ముగ్గురు. జెండా కూడా లేదు, ఒకడి మెడలో నీలం తువ్వాలుంది. ఆ తువ్వాలు మనిషి పేరు గోవిందు, పోర్టులో క్రేన్ నడుపుతాడు. మిగతా ఇద్దరూ అతని స్నేహితులే. అందరిదీ పేట పక్షమే, అయినా రైలు కదలగానే కొట్లాట మొదలైంది.

ఫైనల్లో పేటకి ఎదురు నిలిచేది గాజువాక వైపు కుర్రాళ్ళ జట్టు. ఫర్నేస్ జట్టు అంటారు, అందరివీ ఉక్కు పనుల్లో ఉన్న కుటుంబాలే. ముందు వాళ్ళ స్ట్రైకరు కిరణ్ మీద పడ్డారు.

“ఆడు ఆటగాడేటి? నాటకాలోడు. గాలి తగిలితే పడిపోతాడు, రిఫరీ ఈల ఊదగానే లేసి పరిగెడతాడు” అన్నాడు గోవిందు.

“ఆడి సంగతొగ్గేయ్. మన సామేలు సంగతేటి?” అన్నాడు రెండోవాడు. “పోయినేడు ఫైనల్లో బంతి ఆడి కాళ్ళ మజ్జినించి ఎల్లిపోయింది. సంటిగుంటడు కూడా ఆపుతాడు. అలగెలా ఎల్తాది?”

“తడి గ్రౌండు బావా!”

“తడి ఒక్క సామేలుకేనేటి?”

సామేలు పేట జట్టు గోల్‌కీపరు. అతన్ని తిడుతుంటే అప్పలరాజు మొహం మాడిపోయింది. నాకు జాలేసింది. జాలి వేసినప్పుడే నా నోరు ప్రమాదం.

“ఆ కుర్రాణ్ణి తక్కువ చెయ్యకండయ్యా” అన్నాను. “ఫర్నేస్ వాళ్ళు అతనికోసం ఎలా అంగలారుస్తున్నారో మీకేం తెలుసు? మొన్న హార్బర్ టీకొట్టు దగ్గర వాళ్ళ పెద్దమనిషొకాయన సామేలుని పక్కన కూర్చోబెట్టుకుని, మా వైపు వచ్చెయ్, ఉద్యోగం ఇప్పిస్తాం అని గడ్డం పట్టుకు బతిమాలుతుంటే నా రెండు కళ్ళతో చూశాను. శత్రువే ముద్దు చేస్తున్నాడంటే వాడెంతటి ఆటగాడై ఉండాలి!”

కొట్లాట ఆగిపోయింది. మెచ్చుకున్నారనుకున్నాను. అప్పలరాజు మాత్రం నా తొడ గిల్లాడు. నేను హార్బర్ మొహం చూసి రెండేళ్ళయిందని అతనికి తెలుసు. గోవిందు ఫోను తీసుకుని తలుపు దగ్గరకి వెళ్ళి, నోటి దగ్గర పెట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. దువ్వాడ దాటాక కూడా మాట్లాడుతూనే ఉన్నాడు.

విశాఖలో దిగి షేర్ ఆటోలో హార్బర్‌కి వెళ్ళాం. తెల్లవారుజామునే వేలం అయిపోయింది. బల్లల మీద పొలుసులు, కింద కరుగుతున్న ఐసు, నీడల్లో వలలు అల్లుకుంటున్న మనుషులు. చేపలు కావాలంటే చీకటితోనే రావాలి, మేం వెళ్ళేసరికి పిల్లులు కూడా కడుపు నిండి పడుకున్నాయి. ఐసు ఫ్యాక్టరీ గుమ్మంలో అప్పలరాజు పాత స్నేహితుడు సత్తిబాబు కనిపించాడు. కుశల ప్రశ్నలు కూడా లేవు.

“అప్పల్రాజూ, విన్నావేటి? సామేలు అమ్ముడుపోయాడట్రా. ఫర్నేసోలు ఉద్యోగం కాయితం సేతిలో ఎట్టీసారంట. మన హార్బర్‌లోనే! ఎవడో ముసిలాయన కళ్ళారా సూసాడంట.”

నా కాళ్ళ కింద ఐసు ఉంది, అయినా చెమట పట్టింది. “బతిమాలారని కదా అన్నది” అన్నాను.

“నీకెలా తెల్సు?” అన్నాడు సత్తిబాబు.

అప్పలరాజు నన్ను పక్కకి లాగాడు. నలభై ఏళ్ళలో అతను నా మీద గొంతెత్తడం అదే మొదలు. “పులిని సూసానన్నావు, ఊరుకున్నాను. మంత్రిగారు నీ బస్సెక్కి టిక్కెట్టు కొన్నాడన్నావు, ఊరుకున్నాను. ఇది అలగ కాదు బావా. ఆ గుంటడు రేపట్నించి ఆ పేటలోనే తిరగాల. పద, నీ నోటితోనే సెప్పు.”

జాలరిపేటకి బీచ్ రోడ్డు మీదుగా ఆటోలో వెళ్ళాం. దారిలో సముద్రం అందంగా ఉంటుందంటారు, నేను చూడలేదు. పేట మొదట్లో ఆటో దిగి తెప్పల మధ్యగా నడిచాం. చేపలమ్మే ఆడవాళ్ళు గంపలు దించుకుని కూడా అదే మాట. “సేపకి ఉప్పెయ్యాల గానీ మాటకి కాదమ్మా” అంటోందొకామె. నన్ను చూసి కాదు, అయినా నాకే తగిలింది.

ఒడ్డున టార్పాలిన్ పందిరి కింద జట్టంతా ఉంది. పదిహేను మందీ బనియన్లతో కూర్చున్నారు, జెర్సీల మూట విప్పనే లేదు. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. పందిరి బయట కెప్టెన్ నూకరాజు, పేట పెద్ద పోలయ్య వాదించుకుంటున్నారు. నూకరాజు తండ్రి అప్పలరాజుకి బాగా తెలిసినవాడు, అందుకే మమ్మల్ని దగ్గరకి రానిచ్చారు.

సంగతి ఇది. పేటలో వల పోయినా, మాట పోయినా తేల్చేది సముద్రమే. అనుమానం పడ్డ మనిషి మోకాలి లోతు నీళ్ళలో దిగి, తడివల భుజాన వేసుకుని గంగమ్మ మీద ఒట్టు వెయ్యాలి. వేస్తే ఆ మాట ఇంకెవరూ ఎత్తరు. సామేలుని దిగమన్నారు. అతను దిగనన్నాడు. వాళ్ళది చర్చికి వెళ్ళే కుటుంబం. గంగమ్మ మీద కాకపోతే బైబిలు మీద వెయ్యమన్నారు. దాని మీదా వెయ్యనన్నాడు. మా ఇంట్లో దేని మీదా ఒట్టెయ్యం, నేదంటే నేదు, అంతే అన్నాడట.

“తప్పు సెయ్యనోడికి నీళ్ళంటే బయమేటి?” అంటున్నాడు పోలయ్య. “ఆడు గోల్లో నిలబడితే ఒక్క తెప్పోడు కూడా గ్రౌండుకి రాడు.”

“ఆడు నిలబడకపోతే గోల్లో నన్ను నిలబడమంటావేటి పెదనాన్నా?” నూకరాజు గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువుంది. సామేలు గ్లవుజులు అప్పటికే, గోల్లో ఎప్పుడూ నిలబడని ఇంకో కుర్రాడికి ఇచ్చేశారు.

నేను చేతులు కట్టుకుని చెప్పాను. రైల్లో ఆ మాట పుట్టించింది నేనేననీ, టీకొట్టూ పెద్దమనిషీ గడ్డం పట్టుకోవడమూ నా కల్పనేననీ, కుర్రాణ్ణి పొగుడుదామనే చెప్పాననీ. సగంలో “బాబూ, నేను గుండెజబ్బు మనిషిని” అన్నాను. అప్పలరాజు వెనక నుంచి “అదీ అబద్ధమే” అన్నాడు.

పోలయ్య నన్ను కిందనుంచి పైకి చూశాడు. “మాట బయటపడిందని ఫర్నేసోలే నిన్ను అంపారేటి, సద్దేసి రమ్మని?”

అబద్ధం చెబితే గంటలో హార్బర్ దాటింది. నిజం చెబితే పందిరి కూడా దాటలేదు.

నూకరాజు నా భుజం పట్టుకుని పందిరి వైపు తిప్పాడు. “కళ్ళారా సూసానన్నావు కదా తాతా. ఈళ్ళల్లో సామేలెవుడో సూపించు.”

పదిహేను మొహాలు నా వైపు తిరిగాయి. అందరికన్నా పొడుగ్గా, గుంజలాంటి చేతులతో ఒకడున్నాడు. కీపరంటే అలాగే ఉండాలి. “అతనే” అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఆ పొడుగువాడే కంగారుగా లేచి, “నాను కీపర్ని కాదండీ, బేక్ ఆడతాను” అన్నాడు.

“కావాలనే తప్పు సూపించాడు” అన్నాడు పోలయ్య.

“సామేలు ఎవరు మరి?” అని నిజంగానే అడిగాను. “ఆ వేళ్ళు కోసుకున్న పిల్లాడికి ముందు ఎవరైనా కట్టు సరిగ్గా కట్టండయ్యా.” మూలన బక్కపలచటి కుర్రాడొకడు అంతసేపూ వేళ్ళకి ప్లాస్టర్ చుట్టుకుంటూ కూర్చున్నాడు.

ఈసారి పందిరంతా నవ్వింది. నూకరాజు కళ్ళు మూసుకున్నాడు. “తాతా, అది దెబ్బ కాదు. బంతి తగిలితే ఏళ్ళు ఇరగకుండా కీపరు సుట్టుకుంటాడు. ఆడే సామేలు.”

పోలయ్య నవ్వలేదు గానీ మెత్తబడ్డాడు. “ఆడు దిగడు. సరే. మాట పుట్టించినోడు దిగాల.”

దిగాను. తడివల ఇంత బరువుంటుందని తెలియదు. మోకాలి లోతు అన్నారు గానీ సముద్రానికి ఆ లెక్క తెలియదు, రెండో అల నా ఛాతీ దాకా తడిపి చెప్పులు పట్టుకుపోయింది. ఈ కుర్రాణ్ణి ఈ రోజుకి ముందు చూడలేదని, అతని గురించి అన్నదంతా అబద్ధమని గట్టిగా అన్నాను. ఒట్టుకి ఇంకో మాట కలపాలని నాలుక దురద పెట్టింది. కలపలేదు. ఒడ్డుకి వచ్చేసరికి పోలయ్య తల ఊపి వెళ్ళిపోయాడు. నూకరాజు గ్లవుజులు వెనక్కి తీసుకుని సామేలు ఒళ్ళో పడేశాడు.

సామేలు నా దగ్గరకి వచ్చాడు. కోపంగా లేడు, అదే కష్టంగా ఉంది. “తాతా, నువ్వు నా మంచికే సెప్పావంట కదా. ఇంకోపాలి నాకు మంచి సెయ్యకు.”

మధ్యాహ్నం ఎండ వాలాక ఆట మొదలైంది. గ్రౌండు చుట్టూ తాళ్ళు కట్టారు, టిక్కెట్టు లేదు, మంచినీళ్ళు మాత్రం వెంట తీసుకెళ్ళండి. పేట వాళ్ళందరూ వచ్చారు, సామేలు గోల్ వెనకాలే గుంపుగా నిలబడ్డారు. అప్పలరాజు నన్ను ఆ గుంపులోకే తోశాడు. అక్కడ వాళ్ళు బంతిని చూడటం లేదు. సామేలు చేతుల్ని చూస్తున్నారు.

కాసేపటికి దూరం నుంచి వచ్చిన మామూలు బంతి అతని చేతుల్లోంచి జారింది. మళ్ళీ పడి పట్టుకున్నాడు గానీ నా వెనక ఎవరో “సూసారేటి!” అన్నారు. అంతే. ఆ తరవాత బంతి వచ్చినప్పుడల్లా జనం ఊపిరి బిగబట్టేవారు. ఒట్టు వేసింది నేను, నమ్మాల్సింది వాళ్ళు. నడుమ నిలబడ్డది అతను.

అవతలివాళ్ళ కిరణ్ ఒకసారి కాలు పట్టుకుని పడ్డాడు. “నాటకం! నాటకం!” అని ఈలలు వేశారు. నేనూ వేశాను. దగ్గరగా వెళ్ళి చెయ్యిచ్చి లేపింది సామేలే. మేజోడు కిందికి లాగితే చీలమండ దగ్గర ఇంత లావున వాచి ఉంది. ఈలలు ఆగలేదు.

గోల్ లేకుండానే ఆట ముగిసింది. పెనాల్టీలకి వెళ్ళారు. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. సామేలు మొదటిది ఆపాడు, జనం కేక వేశారు. మూడోది కూడా పక్కకి దూకి వేళ్ళ కొసలతో తోసేశాడు. అప్పలరాజు మోకాళ్ళ నొప్పి మరిచి ఎగిరాడు. కానీ పేట వాళ్ళు అప్పటికే రెండు పోగొట్టుకున్నారు. ఆఖరిది నూకరాజు కొట్టాడు. బంతి గోల్ బారు మీదుగా పోయి సరుగుడు చెట్లలో పడింది. కప్పు ఫర్నేస్ జట్టుది.

నూకరాజుని ఎవరూ ఏమీ అనలేదు. అతను గ్రౌండు మధ్యలో కూలబడితే సామేలు వెళ్ళి పక్కన కూర్చుని, తన వేళ్ళ ప్లాస్టర్ విప్పుకున్నాడు. కొంతసేపటికి నూకరాజు అతని మెడ మీద చెయ్యి వేశాడు. నేను దగ్గరకి వెళదామనుకున్నాను. వెళ్ళలేదు.

స్టేషన్ దగ్గర రబ్బరు చెప్పులు కొనుక్కుని సాయంత్రం బండి ఎక్కాం. మా ఎదుటి బల్ల మీద కశింకోట వాళ్ళు ఇద్దరు, ఆట చూసి వస్తున్నవాళ్ళే.

“ఆ కీపరు అమ్ముడుపోయాడండీ. లేపోతే గెలవాల్సిన ఆట” అన్నాడొకడు.

“రెండు ఆపాడు కదయ్యా” అన్నాను.

“అదే తెలివి తాతా. రెండైనా ఆపకపోతే అనుమానం వొస్తాది కదా.”

“ఎవరు చెప్పారు నీకు?”

“ఎలమంచిలి ముసిలాయనొకడు కళ్ళారా సూసాడంట. సముద్రంలో దిగి ఒట్టు కూడా ఏసాడంట.”

“ఆ ముసలాణ్ణి నేనే. చూడలేదని ఒట్టు వేశాను.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని విరగబడి నవ్వారు. “నువ్వా! బలే కోస్తన్నావు తాతా. సముద్రంలో నువ్వు దిగావా?” అప్పలరాజు అడ్డం పడి, “నిజమే బాబూ, మా బావే” అన్నాడు. “బావ కదా, మరి అలగే సెప్తావు” అన్నారు. నేను మళ్ళీ మొదటినుంచి చెప్పాను, ఉన్నది ఉన్నట్టుగా, పొడుగువాణ్ణి చూపించిన సంగతితో సహా. సగంలోనే ఒకడు ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. కశింకోటలో నవ్వుతూనే దిగిపోయారు.

విశాఖలో చూడవలసినవి చాలా ఉన్నాయి, పుస్తకాల్లో రాసి ఉంటాయి. మీరు వెళ్ళేటప్పుడు పేట జట్టు ఆట ఉంటే మాత్రం గోల్ వెనకాల చోటు చూసుకుని నిలబడండి. బక్కపలచటి కుర్రాడు, వేళ్ళకి ప్లాస్టర్లు. ఎలా ఆడతాడో మీరే చూసుకోండి, నా మాట మీద వెళ్ళకండి.