తూర్పుకు ముందే బయల్దేరిన మూట

మా నాన్న లెక్కలో అండమాన్ చంద్రమండలానికి పక్క వీధి. మా పిన్ని, అంటే అమ్మకున్న ఒక్కగానొక్క చెల్లెలు, పెళ్లయి అక్కడికి వెళ్లి ఇన్నేళ్లయినా అమ్మ ఒక్కసారీ ఆ ఇంటి గడప తొక్కలేదు. ఈమధ్య పిన్నికి తుంటి ఎముక విరిగింది. ఇక తను బళ్లారిలో మా ఇంటికి రాలేని స్థితి. నువ్వైనా రా అక్కా అని ఫోన్లో ఏడ్చినప్పటి నుంచి అమ్మకు అన్నం సయించలేదు.

నాన్న మాత్రం పాత పాటే ఎత్తుకున్నాడు. దూరం, సముద్రం, అమ్మ మోకాళ్ల నొప్పులు. నాకు ఒళ్లు మండింది. ఫోన్ తీసి ఆయన ముందు పెట్టాను. మా సత్యనారాయణపేటలో కారెక్కితే బెంగళూరుకు ఆరు గంటలు. అక్కడి నుంచి అండమాన్ పదహారు వందల కిలోమీటర్ల పైమాటే, కానీ విమానంలో మూడు గంటలు కూడా పట్టదు. నాన్న కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.  ఆ ఊపులోనే సోమవారానికి అమ్మకూ నాకూ టికెట్లు తీసేశాను.

అక్కడ దొరికిపోయాను. సోమవారం తూర్పుకు వారశూల, ఆ రోజు అటు బయల్దేరకూడదు. బజారులో బట్టల కొట్టు నడిపే నాన్న ఊరుకుంటాడా? పంచాంగం తెచ్చి నా ఒళ్లో పడేశాడు. అప్పుడు అమ్మ నోరు విప్పింది.

"మీరు సరుకుకు సూరత్ పొయ్యేటప్పుడు శూల అడ్డమొస్తే ఏం చేస్తాంటిరి?"

నాన్న పంచాంగం వెనక్కి తీసుకున్నాడు. అప్పట్లో ముందుగానే మంచిరోజు చూసి తన సంచిని వీధిలో పడమటివైపు ఇంట్లో పెట్టి వచ్చేవాడు. దాన్నే ప్రస్థానం అంటారు. సంచి కదిలితే మనిషి బయల్దేరినట్టే.

శుక్రవారం అమ్మ ఒక చీర, పసుపు, గుప్పెడు బియ్యం మూటగట్టి వీధిలో తూర్పువైపు ఇంటామెకు ఇచ్చి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం నేను ఆధార్ కార్డు అడిగితే చీర మడతలో పెట్టానని తాపీగా చెప్పింది. కార్డు మీదున్న తన ఫోటో వెళ్తేనే కదా తను వెళ్లినట్టు! పరుగెత్తి చూస్తే ఆ ఇంటికి తాళం. ఫోన్ చేస్తే ఆమె దగ్గర్లోని హగరిలో పుట్టింట్లో ఉంది. ప్రయాణపు మూట ఖాళీ ఇంట్లో ఉండకూడదని వెంట తీసుకెళ్లిందట. హగరి ఇంకా తూర్పే కాబట్టి మరీ మంచిదనుకుందట.

కార్డు లేకపోతే విమానం లేదు. ప్రయాణం ఆపడానికి నాన్నకు ఇంతకన్నా మంచి సాకు దొరకదు. అమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. నాన్న కాసేపు ఆమె వీపునే చూసి, లేచి చెప్పులేసుకున్నాడు.

"ఆయ్తు, నేను పొయ్యి తెస్తా. బండి తాళం యాడుండాది?"

దీపాలు పెట్టేవేళకు మూటతో వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. మూట గడప దాటి లోపలికొస్తే ప్రయాణం వెనక్కి తిరిగినట్టని, నేరుగా బెంగళూరుకు పోయే కారులో పెట్టించాడు. నాకు నవ్వాగలేదు.

సోమవారం విమానంలో అమ్మ కిటికీ వదల్లేదు. కింద సముద్రం చూస్తూ ఉండగానే దిగమన్నారు. బయట పిన్ని చక్రాల కుర్చీలో చేతులు చాచి ఉంది. అమ్మ మోకాళ్ల సంగతి మరిచి పరుగెత్తింది. అక్కచెల్లెళ్లు ఏడుస్తూ నవ్వుతుంటే నాకూ కన్నీళ్లు ఆగలేదు. గెలిచాం అనుకున్నాను.

అమ్మ నా ఫోన్ లాక్కుని నాన్నకు చేసింది.

"ఏమండీ, ఇంత దగ్గర పెట్టుకోని ఇన్నేండ్లు దూరం దూరం అంటాంటిరి కదా."

 అవతల నాన్న గొంతు సవరించుకున్నాడు.

"వచ్చేతూరి నా పంచె గూడా ఆ మూటలోనే కట్టు."