వరండాలో వేసిన బల్ల

ఈ పరాయిదేశంలో మేముంటున్న ఊరి చివరనున్న ఆ మేడ ఇప్పటికి నాలుగు వేషాలు మార్చింది. క్షయ రోగుల కోసం యూదులు చందాలు వేసుకుని కట్టిన శానటోరియం అది. తర్వాత వృద్ధాశ్రమం, ఆ తర్వాత కాలేజీ. ఇప్పుడు పైన ఆఫీసులు, కింద అద్దెకిచ్చే హాలు. నెలకో ఆదివారం, తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే మా తెలుగువాళ్ల పాట్‌లక్ అక్కడే.

నేను మొదటిసారి కోడికూర పట్టుకెళ్లిన రోజున మా అసోసియేషన్ సెక్రటరీ వంటగది గుమ్మంలోనే ఆపాడు. "అక్కా, ఆ సింక్ వెజ్. మీది అటువైపు. నాన్‌వెజ్ టేబుల్ బయట వరండాలో సెట్ చేశాం, ఫ్రెష్ ఎయిర్ కూడా వస్తుంది."

చలి మొదలైన రోజులు. కొండగాలికి కూర మీద నూనె పేరుకుపోయింది. ఆ ‘ఫ్రెష్ ఎయిర్’ మాట నేను మరిచిపోలేదు.

లోపలికి తొంగిచూస్తే అన్నీ రెండేసి. రెండు సింకులు, రెండు పొయ్యిలు, రెండు అల్మరాలు, ఎదురెదురు గోడలకు. మాంసం తినేవాళ్లను విడదీయడానికే సెక్రటరీ పనిగట్టుకుని చేయించాడనుకున్నాను. కమిటీకి మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. నాలుగోది బిల్డింగ్ మేనేజరుకు రాశాను.

ఆ ముసలాయన నన్ను పిలిచి అంతా చూపించాడు. సింకులు శానటోరియం నాటివేనట. యూదుల ఆచారంలో మాంసం, పాలు కలవకూడదు కనుక గిన్నెలు కూడా వేరుగా కడిగేవారట. మరి తినేవాళ్లో అని అడిగాను. భోజనశాల ఒకటే, పొద్దున పాలు తాగిన రోగే మధ్యాహ్నం మాంసం తినేవాడు అన్నాడు. వరండా సంగతి అడిగితే, చలిగాలి క్షయకు మందని రోగులను మంచాలతో సహా అక్కడ పడుకోబెట్టేవారని చెప్పాడు.

సింకుల విషయంలో నా అనుమానం తప్పే. ఆ మాట సెక్రటరీతో చెప్పాను కూడా. వరండా విషయం మాత్రం వదల్లేదు.

"గిన్నెలు వేరుగానే కడుక్కుందాం బాబూ. మనుషులం బయటెందుకు?" అన్నాను.

లోపల చోటు చాలదన్నాడు. ఆ పూట హాల్లో ఎనిమిది కుర్చీలు ఖాళీ. లెక్కపెట్టాను.

మేడను అపార్ట్‌మెంట్లుగా మారుస్తున్నామని ఈమధ్య నోటీసు వచ్చింది. మాకు మిగిలింది ఒక్క పాట్‌లక్. ఆ రోజు వరండాలో వడ్డించుకుని, కోడికూర ప్లేటుతో నేరుగా హాల్లోకి వెళ్లి సెక్రటరీ తల్లి పక్కన కూర్చున్నాను. ఆవిడ నా ప్లేటు వంక చూసి, తన కుర్చీని జానెడు అవతలికి జరుపుకుంది.

నాకు చోటిచ్చిందో, నన్ను తప్పించుకుందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నేను మాత్రం మజ్జిగన్నం దాకా అక్కడే కూర్చుని తిన్నాను.